చెమ్మ పోకుండా

రామలింగం అని మా వీధి చివర ఉంటాడు. సాలోళ్ళ ఇంట పుట్టాడు గానీ ఏనాడూ మగ్గం గుంటలో కాళ్ళెట్టినోడు కాదు, పెళ్ళాం చౌడమ్మ నేసిన పంచెలు భుజానేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చేవోడు. నేతంతా ఆ చౌడమ్మదే. పెరట్లో తాటాకు పాక, మట్టి నేల, నేలలో గుంట, గుంటలో కాళ్ళు ఏలాడేసుకుని చౌడమ్మ. ఆవిడ నేసిన పంచె మడతెట్టి చేతిలో పెడితే, పెట్టారో లేదో తెలిసేది కాదనుకోండి. అలాంటి చెయ్యి. సరే, అలా ఉండగా రామలింగం డాబా కట్టాడు. ఆకుపచ్చ రంగు, ముందు రెండు స్తంభాలు, లోపల నున్నటి గచ్చు. గృహప్రవేశం నాడు జనం భోంచేసి పెరట్లో చేతులు కడుక్కుంటా ఆ పాకని చూశారు. ఎవడో అన్నాడు, "ఏరా లింగం, ముందు నించి చూస్తే జమీందారువి, ఎనక నించి చూస్తే పాలేరువి" అని. అందరూ పకపకా నవ్వారు. పాపం ఆడికి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ వేసంగి మొదట్లోనే చౌడమ్మ చెల్లెలి పురిటికని ఎళ్ళింది, మూడు నెల్లు. బస్సెక్కుతా ఒక్క మాట చెప్పిందంట, పాక కప్పు చివికిపోయింది, బాగు చేయించయ్యా, చెమ్మ పోకుండా చూడు, అని. ఆడు, నాకొదిలెయ్ అన్నాడంట. ఇక్కడ ఏమైందంటే, వినండి, డాబా కట్టినోడికి చెమ్మంటే శత్రువు కదా, గోడలు పెచ్చులూడేది దాంతోనే కదా. చెమ్మ లోపలికి పోకుండా అనుకున్నాడు ఈడు! మేస్త్రీని పిలిచి, "మా ఆవిడ మరీ మరీ చెప్పింది, లోపల చుక్క చెమ్మ ఉండకూడదు. అచ్చం డాబాలాగే ఉండాలి" అన్నాడు. పాక పీకేశారు. పైన స్లాబు, కింద గచ్చు, అదే ఆకుపచ్చ, ముందు బుల్లి స్తంభాలు రెండు. ఆవిడ కాళ్ళకి మట్టి అంటకూడదని మగ్గం గుంటకి కూడా సిమెంటు పూయించాడు. ప్రేమతోనే చేశాడండీ, అదే కదా బాధ.

చౌడమ్మ తిరిగొచ్చింది. పెరట్లోకెళ్ళి ఆ గచ్చు మీద అరికాలు ఆనించి చూసింది. ఎలాగుంది, ఎలాగుందే, అని ఆడు ఎనకాల పడితే, బాగుందయ్యా అందంట. మర్నాడు పొద్దున్నే గుంటలో కూచుని, పోగుని అటూ ఇటూ మోసుకెళ్ళే నాడె విసిరింది. టప్పుమని ఒక పోగు తెగింది. అతికింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ టప్. సన్న నూలుకి చెమ్మే ప్రాణం, ఎండితే తెగుద్ది. పైన స్లాబు కాలిపోతా ఉంది, కింద గచ్చు నీళ్ళు తాగదు. తడి గోనెలు కట్టారు, కుండలకి కుండలు పోశారు, నీళ్ళన్నీ జారి తూములోకి పోయాయి. అతికీ అతికీ ఆవిడ చేతి ఏళ్ళు వాచిపోయాయి. అప్పుడంది, "చెమ్మ పోకుండా చూడమన్నాను గదయ్యా." "లోపలికి పోకుండా అనుకున్నానే" అన్నాడంట ఆడు. ఆవిడ తెగిన పోగు తీసి మళ్ళీ అతకబోయింది.

ఆడే గడ్డపార తీసుకుని అంతా బద్దలు కొట్టాడు. మట్టి తోలించాడు, మళ్ళీ తాటాకు కప్పించాడు. అయితే చౌడమ్మ ఏమందంటే, "అది మా అత్తా, ఆవిడ అత్తా రోజూ నీళ్ళు చల్లి తొక్కిన నేలయ్యా. కొత్త మట్టికి అంత చెమ్మ పట్టాలంటే ఏళ్ళు పడుద్ది. అప్పటిదాకా నా కళ్ళుండాలి గదా" అంది. ఉండలేదు. నేల చెమ్మ పట్టేసరికి ఆవిడకి పోగు కనపడ్డం మానేసింది. ఇప్పుడు అరుగు మీద కూచుంటది. ఆడు మాత్రం రోజూ పొద్దున్నే బిందెతో నీళ్ళు తెచ్చి ఆ ఉత్త గుంట చుట్టూ చల్లుతాడు. చాలయ్యా, అంటది ఆవిడ. ఇంకో బిందె తెస్తాడు.

ఎళ్ళి చూడండి కావాలంటే. ఆకుపచ్చ డాబా ఎనక తాటాకు పాక, అస్సలు నప్పదు. చూసి నవ్వుకునేవోళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం నవ్వను. ఆనాడు కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కుంటా జమీందారువి, పాలేరువి అన్నది ఎవడనుకున్నారు? నేనే.