లెక్కల సారు ఆదివారం ఎక్కడున్నారు

తేది 16-07-2025, బుధవారం, మధ్యాహ్నం 3.40 గంటలు. అటవీ రేంజ్ కార్యాలయంలో రేంజ్ ఆఫీసర్ బలరాం గారి ఎదుట.

నా పేరు బానోత్ హేమలత. భర్త పేరు శ్రీధర్. వయసు 37 సంవత్సరాలు. కులం లంబాడ. ఎర్రమద్దిగూడెం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం టీచర్‌ను. నివాసం మణుగూరు. నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను. గంటా నలభై నిమిషాలు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ సంగతి కూడా రాయమని అడిగాను.

మా బళ్లో లెక్కల టీచర్ జయప్రకాశ్ గారిని, వయసు 43, దుప్పిని చంపి తిన్న కేసులో నిన్న సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడికి తీసుకొచ్చారు. ఆయన దుప్పిని చంపలేదు, తినలేదు. ఆ ఆదివారం ఆయన అడవిలోనే లేరు. రేపు సాయంత్రం ఆరు దాటితే కస్టడీలో నలభై ఎనిమిది గంటలు నిండి, ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఆయన సస్పెండ్ అవుతారు. అందుకే సెలవు పెట్టి వచ్చాను.

మా హెడ్మాస్టర్ నిర్మలాదేవి గారు జూన్‌లో ఏదో శిక్షణకు హైదరాబాద్ వెళ్లి వచ్చారు. అప్పటి నుంచి ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక, 9.30కు, టీచర్లం ఏడుగురం స్టాఫ్ రూంలో ఒక్కొక్కరం నిలబడి సెలవు రోజు ఎలా గడిపామో చెప్పాలి. ఆమె ఫోన్‌లో వీడియో తీసి గ్రూపుల్లో పెడతారు. మొదటి సోమవారం నేను నిజమే చెప్పాను. బట్టలు ఉతికానని, వానకు ఆరలేదని, ఫ్యాను కింద ఆరేసి నోటుపుస్తకాలు దిద్దుకున్నానని చెప్పాను.

ఆమె వీడియో ఆపి, "ఏంది హేమలతా, గిది ఎవలన్న చూస్తరా? జరంత సంతోషంగ చెప్పరాదు" అన్నారు.

మళ్లీ చెప్పించారు. రెండోసారి సినిమాకు పోయానని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏ సోమవారమూ నేను నిజం చెప్పలేదు. మిగతావాళ్లూ అంతే. వాళ్ల అత్తకు జ్వరమొచ్చి ఇల్లు కదలని హిందీ మేడమ్ పాపికొండలు చూసొచ్చానని చెప్పారు. మొన్న 14వ తేదీన నేను భద్రాచలం వెళ్లి దర్శనం చేసుకుని గోదావరి ఒడ్డున పులిహోర తిన్నానని చెప్పాను. అదీ అబద్ధమే. ఆ వీడియో మీ దగ్గరే ఉంది, చూసుకోండి. సోమవారం చెప్పిన మాటల మీద కేసులు పెట్టాలంటే మా ఏడుగురి మీదా పెట్టాలి.

నా తర్వాత జయప్రకాశ్ గారు లేచి, "ఆదివారం ఫ్రెండ్స్‌తో కలిసి అడవిలోకి వెళ్లామండి. పొద్దున పదింటికి దుప్పిని కోసుకుని, వెదురు బొంగుల్లో కాల్చుకుని తిన్నాం. వాన పడతా ఉంది. భలే ఉందండి" అన్నారు. అందరం నవ్వాం. ఆయన మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా ముట్టరు. ఆ సంగతి నేను మీకు చెబితే, "గుడ్డు తిననోళ్లు దుప్పిని తినరా మేడమ్" అని మీరు అడిగారు. ఆదివారమే మధ్యాహ్నం మూడు గంటలకు వాగు దగ్గర మీ సిబ్బందికి దుప్పి తోలు, కాళ్లు దొరికాయని మాకెవరికీ తెలియదు. వీడియో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోయి మంగళవారానికి మీ దాకా వచ్చింది.

ఫ్రెండ్స్ పేర్లు చెప్పమని ఆయనను రాత్రంతా అడిగారట. ఆయన చెప్పలేదు. ఎవరినో కాపాడుతున్నాడని మీరు అనుకుంటున్నారు. ఫ్రెండ్స్ ఎవరూ లేరు. లేనివాళ్ల పేర్లు ఎక్కడి నుంచి తెస్తారు?

ఈ ఉదయం 9 గంటలకు హెడ్మాస్టర్ గారిని నాతో రమ్మని అడిగాను. "మనకెందుకమ్మా, బడి పేరు పోతది" అన్నారు. "వీడియో తీసింది మీరే గద మేడమ్" అన్నాను. "డిలీట్ చేసిన" అన్నారు.

ఇక 13వ తేదీ ఆదివారం సంగతి. మా అత్తమ్మ హేమ్లి, వయసు 68, కారేపల్లి దగ్గర తండాలో ఉంటుంది. శనివారం సాయంత్రం నేను అక్కడికి వెళ్లాను. ఆదివారం ఉదయం ఆమెను ఖమ్మంలో కంటి శిబిరానికి తీసుకెళ్లాను. 10.30కు కళ్లలో చుక్కల మందు వేశారు. వరుస పెద్దగా ఉందని ఒకటిన్నరకు రమ్మన్నారు. చీటీ మీద టైం వేసి ఉంది, చీటీ ఇచ్చాను. ఆమెకు నల్లద్దాలు పెట్టించి, 11.20కు లకారం ట్యాంక్‌బండ్ మీద కూర్చోబెట్టాను.

పక్క బల్ల మీద జయప్రకాశ్ గారు ఉన్నారు. ఇస్త్రీ చొక్కా. ఒళ్లో గులాబీ రంగు వానకోటు, కవరు విప్పనిది, కవరు మీద ఏడెనిమిదేళ్ల పిల్లలకు అని ఉంది. నన్ను చూసి, తనిఖీకి వచ్చినవాళ్లను చూసి లేచినట్టు లేచి నిలబడ్డారు.

"నేనూ మా ఆవిడా మూడేళ్ల కిందట విడిపోయామండి" అన్నారు. "నెలలో రెండో ఆదివారం, పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఇక్కడ పాపను చూపించాలని కోర్టు ఆర్డరు. బళ్లో చెప్పకండి మేడమ్."

చెప్పనని మాటిచ్చాను. పాప పేరు సాయిప్రియ, పదకొండేళ్లు. ఏడాదిన్నరగా ఆయన పాపను చూడలేదు.

11.52కు మా అత్తమ్మ నల్లద్దాలతో ఉన్న ఫోటో తీసి మా ఆయనకు పంపాను. వెనక బల్ల మీద సారు ఉన్నారు. ఆ ఫోటో మీ ఫోన్‌కు పంపాను.

12.25కు పాప మేనమామ బైక్ మీద వచ్చాడు. బండి దిగలేదు. "పాపకు టెస్టుంది, రాదు" అన్నాడు. ఏం టెస్టని సారు అడిగారు. లెక్కలన్నాడు. వెళ్లిపోయాడు. పాపను తీసుకురాలేదు.

ఇక లేద్దాం రండి సార్ అన్నాను. "ఆర్డరులో ఒంటిగంట దాకా ఉందండి. నేను ముందే లేస్తే, తండ్రే ఉండలేదని రాస్తారు" అన్నారు. కూర్చున్నారు. వాన మొదలైంది. అయినా కూర్చున్నారు.

మా అత్తమ్మకు చుక్కల వల్ల అంతా మసకగా ఉంది. "ఎవలే గాయన, ఏడుస్తుండా?" అని అడిగింది. లేదన్నాను. "మొకం కనవడ్తలేదు గని, ఏడుస్తుండు" అని, మూట విప్పి జొన్నరొట్టె ఇచ్చింది. ఆయన రెండు ముక్కలు తిన్నారు. ఆదివారం ఆయన తిన్నది అదే.

నేను ఇంతవరకు చెప్పేసరికి 4.50 అయింది. మీరు ఫోటో చూసి, చీటీ చూసి, సారు జేబులో దొరికిన మణుగూరు–ఖమ్మం బస్సు టికెట్టు మీద టైం చూసి, ఆయనను లోపలి గది నుంచి పిలిపించి నేను చెప్పింది చదివి వినిపించారు. ఆయన అంతా విని, "పాప వచ్చిందని చెప్పాల్సింది మేడమ్" అన్నారు. "రాలేదని కాగితం మీదకెక్కితే అది వాళ్ల లాయరు చేతికి పోద్ది. పాపకే ఇష్టం లేదంటారు. ఆ రెండు గంటలు కూడా తీసేస్తారు."

పాప వచ్చిందని రాయడానికి కుదురుతుందా అని మిమ్మల్ని అడిగాను. "చూసింది చెప్పుండ్రి మేడమ్. చూడంది నేను రాయ" అన్నారు. నాకు కోపం వచ్చింది. తర్వాత కాగితం ఇమ్మని అడిగి చదువుకున్నాను. "పాప రాలేదు" అని మీరు రాసుకున్నచోట కొట్టేసి, "పాపను తీసుకురాలేదు" అని రాయమన్నాను. పదకొండేళ్ల పిల్ల తనంతట తాను బస్సెక్కి రాదు. నేను చూసింది అదే. మీరు కొట్టేసి రాశారు. పక్కన నా పొట్టి సంతకం పెట్టాను.

5.35కు సారును ఇంటికి పంపుతున్నట్టు చెప్పారు. ఆయన బయట చెప్పులు వేసుకుంటున్నారు.

పైన ఉన్నదంతా నా కళ్లతో చూసింది, నా చెవులతో విన్నది. ఎవరూ చెప్పించలేదు. దిద్దించిన మాటతో సహా చదువుకుని, సరిగా ఉందని సంతకం చేస్తున్నాను.

(సంతకం) బానోత్ హేమలత
దిద్దుబాటు ఒకటి: "రాలేదు" కొట్టివేసి "తీసుకురాలేదు". బా.హే.