అధికారిగారి వీపు నాకు తెలుసు

మా వీధిలో నన్ను టైలరుగారి కోడలు అంటారు. వయసు ఇరవై మూడు. ఐదో తరగతి వరకు చదివాను. కుట్టుపని చేస్తాను. దుకాణం నా పేరున ఉంది, అందుకే ఫిర్యాదు కూడా నా పేరుననే వేశాను.

పోయిన సంవత్సరం మార్చి తొమ్మిదిన ఉదయం పదిన్నరకు దుకాణం లైసెన్సు కోసం మా ఆయన వార్డు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చారు. లైసెన్సులు ఇచ్చే అధికారిగారు, "సంతకానికేం తొందరయ్యా? ముందు నాకో చొక్కా కుట్టు, నీ చెయ్యేపాటిదో చూద్దాం" అన్నారట. కొలతలకు ఆయనే మా దుకాణానికి వచ్చారు. కుట్టి ఇచ్చాం. తర్వాత ప్యాంట్లు, ఒక కోటు, ఆయన ఇంటి కిటికీలకు తెరలు, కారు సీట్లకు గుడ్డలు కుట్టించుకున్నారు. ప్రతిసారీ సంతకం వచ్చేవారం అన్నారు. పది నెలలు వచ్చేవారమే అన్నారు.

జనవరి ఇరవైన పరుపుల గలీబులు కుట్టమన్నారు. "ముందు కాగితం ఇప్పించండి సార్" అన్నారు మా ఆయన. మర్నాడు ఉదయం తొమ్మిదికి అధికారిగారు మనుషులను పంపి, లైసెన్సు లేదని చెప్పి దుకాణానికి తాళం వేయించారు. నా మిషను లోపలే ఉంది. దాని సూది కింద సగం కుట్టిన గౌను ఉంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు. పెద్దవాళ్లతో పెట్టుకోవద్దు, సర్దుకుపొమ్మన్నారు. అందుకే నేరుగా కోర్టుకు వచ్చాం.

కోర్టుకు వెళ్తానంటే మా అత్తయ్య నవ్వింది. "నువ్వు మాట్లాడతావా? వంకాయల ధర అడగడానికే నా చెయ్యి గిల్లుతావు కదే!" అంది. అయినా నా పక్కనే వచ్చి కూర్చుంది.

ఈ రోజు పదకొండూ పదికి మమ్మల్ని పిలిచారు. అధికారిగారి వకీలు, "మా అధికారి ఆ దుకాణం గడప తొక్కలేదు. కొలతలు తీసుకున్నది నిజమైతే ఈ బెంచీ మీద ఆయనెవరో చూపించమనండి" అన్నారు. బెంచీ మీద అయిదుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను ఒక్కసారి తలెత్తి చూసి దించేసుకున్నాను.

"ముఖం తెలియదండి" అన్నాను.

వకీలుగారు నవ్వారు. అత్తయ్య "అయ్యో రాత" అనుకుంది.

మా దుకాణంలో మా ఆయన ఎదురుగా నిలబడి కొలతలు చెబుతారు, నేను తల వంచుకుని పుస్తకంలో రాస్తాను. తొడిగి చూసేటప్పుడు వెనక నిలబడి గుండుసూదులు పెడతాను. మగవాళ్ల ముఖం ఎప్పుడూ చూడను. ఈ సంగతి మేజిస్ట్రేటుగారికి చెప్పి, "వాళ్లను వెనక్కి తిరగమనండి" అని అడిగాను. తిరిగారు.

ఎడమవైపు నుంచి మూడో ఆయనను చూపించాను. ఎడమ భుజం అరంగుళం దిగి ఉంటుందని, అది తెలియకుండా కోటులో అక్కడ ఒక పొర మెత్త ఎక్కువ వేశానని, మెడ ఎముక నుంచి నడుముకు పదిహేడున్నర అని చెప్పాను. మా ఆయన అలవాటుగా టేపు మెడలో వేసుకునే వచ్చారు. గుమాస్తాగారు దానితో కొలిచారు. పదిహేడున్నరే వచ్చింది.

"వెనక నుంచి మగాళ్లందరూ ఒకటే" అన్నారు వకీలుగారు.

"కాదండి. మీకు కుడి భుజం దిగి ఉంటుంది" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన చప్పున భుజం సర్దుకున్నారు.

చివరగా నడుము కొలిచారు. కొలతల పుస్తకం ఇంట్లో ఉండబట్టి వెంట తెచ్చాను, అందులో నవంబరులో నలభై ఒకటి ఉందని చదివాను. గుమాస్తాగారు గట్టిగా, "నలభై రెండున్నర" అని చదివారు.

అప్పుడు మూడో ఆయన గోడవైపు తిరిగి ఉండే, "లావెక్కడమేం కాదండీ, ఆ కోటు ఈవిడ మొదటినుంచీ బిగుతుగానే కుట్టింది!" అన్నారు.

గుమాస్తాగారితో సహా అందరూ నవ్వారు. అత్తయ్య చప్పట్లు కొట్టింది, బంట్రోతు ఊరుకోమంటే నా వీపు మీద కొట్టింది. మేజిస్ట్రేటుగారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా నవ్వాను.

కేసు తీసుకున్నామని, వచ్చే నెల నాలుగో తేదీన ఆయన ముద్దాయిగా హాజరు కావాలని మేజిస్ట్రేటుగారు చెప్పారు. ఇంకేమైనా చెప్పాలా అని నన్ను అడిగారు. కోటు బిగుతు కాదని, చంకల దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులు పెట్టానని చెప్పాను. అదీ రాయించారు. నా మిషను కావాలని చెప్పాను. సాయంత్రం అయిదులోపు తాళం తీయాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఇదంతా నేను చూసింది, చేసింది. ఎవరూ నేర్పలేదు. రాసినది చదివి వినిపించారు. ముఖం చూడకపోవడానికి కారణం "సిగ్గు" అని రాశారు. అది నిజమే కనుక అలాగే ఉంచమన్నాను. వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపితే, నాకు రాయడం వచ్చని చెప్పి కలం అడిగి తీసుకున్నాను.

(సంతకం)
దుకాణం యజమానురాలు