ముందు వదిలిన చోటు

డెబ్భై ఏడు ఉప్పెన వెళ్ళిన వారానికి, బందరు మైదానంలో, దివిసీమకు బియ్యం మోసే హెలికాప్టర్ పక్కన దాని పైలటూ, బస్తాలు ఎక్కిస్తున్న ఒక హంసలదీవి జాలరీ మాట్లాడుకుంటున్నారు.

"బస్తాలన్నీ వెనక్కి నెట్టేశావేంటయ్యా?"

"ముక్కు బరువైతే అలకి మునిగిపోద్ది కదండీ."

"ఇది పడవ కాదయ్యా. తోక బరువైతే కూలిపోతాం. ఎక్కడ సర్దావో ముందే నాకు చెప్పొద్దూ?"

"తప్పేనండీ. నడిమికి లాగేస్తాను."

"మరి ముందు ఈ కాస్త చోటు ఎందుకు వదిలావు?"

"పడవలో అక్కడ మా ఆడది బుల్లెమ్మ కూర్చుంటదండీ, చేపల గంప ఒళ్ళో పెట్టుకుని. చేతులకి అలవాటైపోయిందండీ."

"ఆవిడ ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇంకా దొరకలేదండీ."

జాలరి బస్తాలు నడిమికి లాగాడు. పైలట్ ఒక్కో తాడూ లాగి చూశాడు.

"ఇప్పుడు సరిపోయిందాండీ?"

"సరిపోయింది. ఇంకో మనిషి బరువు కూడా పడుతుంది. మీ హంసలదీవి మీదుగానే వెళ్తున్నాను. వస్తావా, దింపుతాను?"

"దిగితే నన్ను పలకరించేవాళ్ళు ఎవరున్నారండీ? ఆ బరువుకి ఇంకో బస్తా ఎక్కిస్తాను. పక్క ఊళ్ళో మనుషులు మిగిలారంట."