ఆరు లారీల గుర్తు

మధ్యాహ్నం కెప్టెన్ టార్పాలిన్ల కొట్టులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. కాదనే వీలున్న బేరమైతే ఎవరూ తలుపు వెయ్యరని ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్న షావుకారుకి తెలుసు.

"ఆరు లారీలకు పైకప్పులు కుట్టాలి షావుకారుగారూ. తెల్లగుడ్డ మీద రెడ్‌క్రాస్ గుర్తుతో."

"ఆస్పత్రి లారీలా అయ్యా?"

"కాదు. ఫిరంగి గుండ్లు మోసేవి."

"అలా చెయ్యకూడదని యుద్ధానికీ ఓ చట్టముందంటారే!"

"చట్టం సంగతి పైవాళ్ళు చూసుకుంటారు. మీరు కుట్టండి, నేను కప్పిస్తాను. అంతవరకే మన పని."

"అయితే ఆ పైవాళ్ళనే ఒక ముక్క రాసి సంతకం పెట్టమనండి. సాయంత్రానికల్లా కుట్టించేస్తాను."

"ఇలాంటివి ఎవరైనా రాసిస్తారా? తెలీనట్టు అడుగుతారేం!"

"మా అమ్మాయి అంబులెన్సులో నర్సు బాబూ. ఆ బండి మీద గుర్తు కుట్టింది నేనే. బజార్లోకి నకిలీ సరుకు దిగితే ముందు మునిగేది అసలు సరుకే. ఈ లారీల బండారం ఒక్కసారి బయటపడిందంటే, అవతలివాడు మా పిల్ల బండిని చూసి ఆగుతాడా?"

"మీరు కుట్టకపోతే అంబులెన్సుల మీదవే ఊడదీసుకు రమ్మన్నారు. అప్పుడు మీ అమ్మాయి నెత్తిమీద ఆ గుర్తు కూడా ఉండదు."

షావుకారు రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఏది తక్కువో తేలలేదు.

"పోనీ ఒక్క సాయం చెయ్యండి. మా అమ్మాయిని ఆ బండి దింపించి ఆస్పత్రి లోపల డ్యూటీ వేయించండి."

కెప్టెన్ తలెత్తకుండానే అన్నాడు.

"ఆస్పత్రి కప్పు మీద ఉన్నదీ ఆ గుర్తే కదండీ."