మరియ తల్లికి ఒడిబియ్యం

సకల జనుల సమ్మెతో స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సులు బందున్న రోజులవి. చర్చివాళ్లతో కలిసి రోము యాత్రకు పోయివచ్చిన ఆమె, పసుపు బియ్యం మూటను పొరుగింటి అక్క ముందు పెట్టి తల వంచుకుంది.

“ఇదేంది చెల్లె? మా కొడుకు జైల్ల నుంచి రావాలని మరియ తల్లికి ఒడిబియ్యం పొయ్యమని ఇస్తి గదా!”

“ఎట్ల పొయ్యాలక్క? ఆడి పెద్ద చర్చిల పాలరాతి తల్లి ఒళ్ళె సచ్చిపోయిన కొడుకే పండి ఉన్నడు. జాగేడిది?”

“అయ్యో! సిలువ మీంచి దించినంకనా?”

“అవునక్క.”

“ఏడుస్తున్నదా?”

“లేదు. కొడుకునే చూసుకుంట కూసున్నది. నీ మొక్కు నా చేతుల ఆగిపాయె.”

“ఆగలే. రైల్‌రోకో కేసుల బెయిలొచ్చింది, రేపొస్తుండు. గీ బియ్యమే వండుతా. ఆ తల్లి కొడుక్కు గూడ ఓ ముద్ద తీసి పెడతా.”

“సచ్చినోళ్లకు పెట్టినట్టు పెట్టకక్క. ఆయన మూడోనాడే లేచిండు.”

“అందుకే పెడతున్న. జైల్ల నుంచి వచ్చెటోడే ఆకలంటడు. సమాధిల నుంచి లేచినోనికి ఆకలి గాదా?”