రిమ్ములో చీర అంచు

పెండ్లాం పోయి ఏడాదైనా కాని ఆ పెద్దమనిషి, శ్రీకాళహస్తిలో పెండ్లిచూపులకని మోపెడ్డు మీద బయలుదేరి, తిరుచానూరు రోడ్డులోని పంక్చరు అంగడి దగ్గరే ఆగిపోయాడు.

"రెండుమార్లు నేనే ట్యూబు మార్చినానప్పా. అయినా రిమ్ము కాడ గాలి పోతానే ఉండాది."

"రిమ్ముకు ఏందన్నా సుట్టినావు?"

"రబ్బరు పట్టీ తెగిపోతే మా ఇంటామె చీర అంచు సించి సుట్టినా. గట్టి అంచు."

"అంచు గట్టిదే. దాంట్లో పిన్నీసు ఉండాది సూడు. ట్యూబును పొడిసేది ఇదే."

"బతికినన్నాళ్లూ నన్ను పొడిసింది. సచ్చినా ఇడిసిపెట్టలేదు."

"పారేద్దునా?"

"ఇట్టియ్యి."

చొక్కాకు బొత్తాం ఊడిన చోట దాన్ని గుచ్చుకున్నాడు.

"పిన్నీసుతోనే పెండ్లిచూపులకు పోతావాన్నా?"

"బొత్తాం కుట్టేవాళ్లు లేకనే గదప్పా పోతావుండేది."