వ్యానులో మిగిలిన ఒక్క సీటు

జెట్టు బాబాయ్‌కి ఉన్నది తొక్కుడు సైకిలు. దానికి బ్రేకు ఆయన కుడికాలి చెప్పే. అయినా సరే, ఆ వీధిలో వేగం గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన్నే అడగాలి. అడక్కపోతే నష్టం లేదు, ఆయనే వచ్చి చెబుతాడు. బళ్ళకి సీటు కవర్లు కుట్టడం ఆయన పని. కొట్టుకి ఎదురుగా ఉన్న పెద్ద షెడ్డులో ఒక టీము, మోటారు సైకిలు మీద ఈ భూమ్మీద ఎవరూ పోనంత వేగంగా పోయి రికార్డు కొట్టాలని ఆరేళ్ళుగా తంటాలు పడుతోంది. ఆ బండికి సీటు కుట్టింది బాబాయే. జానెడు రెగ్జిను, దాని కింద బెత్తెడు స్పంజి, అంతే. ఆ జానెడు సీటు మీద కూర్చుని ఆయన ఆరేళ్ళుగా కోసిన కోతలకి లెక్కాపత్రం లేదు.

ఆ రోజు మాత్రం కోత సరదాకి కాదు, అవసరానికి కోయాల్సి వచ్చింది. టీము మర్నాడు పొద్దున్నే రికార్డు పరుగు కోసం ఉప్పు మైదానానికి బయల్దేరుతోంది. వ్యానులో ఒక్క సీటు మిగిలింది. "అవతలి కొసన ఉండటానికి ఒక మనిషి కావాలి, సాయంత్రం టీ కొట్టు దగ్గర మాట్లాడుకుందాం" అని షెడ్డు మేడం పొద్దున్నే వీధిలో చెప్పింది. టీముకి పెద్ద ఆవిడే. బాబాయ్ చెవికి "మనిషి కావాలి" అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. ఇన్నేళ్ళూ రికార్డుల గురించి చెప్పడమే కానీ ఒక్క పరుగైనా కళ్ళారా చూసిన పాపాన పోలేదాయన. తను కుట్టిన సీటు దూసుకుపోతుంటే ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట నోరు తెరిచి అడగడానికి లేదు. అడిగితే ఇంతవరకూ చూడలేదని ఒప్పుకున్నట్టే కదా!

అందుకని ఐదు కాకముందే టీ కొట్టు బల్ల మీద మధ్యలో కూర్చున్నాడు. పక్కన వెల్డింగు పని చేసే బావమరిది. ఎదురుగా మేడం, చేతిలో సామాను జాబితా. పొయ్యి వెనకాల కొట్టు అక్క. ఎవరు ఎంతసేపు కూర్చున్నా ఆవిడ చూపు వాళ్ళ గ్లాసు మీదే ఉంటుంది. గ్లాసు ఖాళీ అయితే బల్ల కూడా ఖాళీ చెయ్యాలి.

"మేడం, అసలు నేనిది ఎవరికీ చెప్పను," అని మొదలుపెట్టాడు బాబాయ్.

"నాకు నాలుగుసార్లు చెప్పావు బావా," అన్నాడు బావమరిది.

"నువ్వుండరా! మీ టీము పుట్టకముందు మాట మేడం, అది వేరే టీము. సీటు బిగిద్దామని ఉప్పు మైదానానికి వెళ్ళాను. వెళ్తే ఏముంది, బండి తోలే కుర్రాడు జ్వరంతో మూలుగుతున్నాడు. అందరూ తలలు పట్టుకున్నారు. నేను ఊరుకోలేక, పోనీ ఇంజను చల్లారిపోకుండా అటూ ఇటూ తిప్పుతానయ్యా అన్నాను. అంతే. ఎక్కాను. మెల్లిగా, మహా అయితే నూట నలభై."

మేడం జాబితాలో ఏదో గీత కొట్టింది, తలెత్తలేదు. నూట నలభైకి ఈవిడ తలెత్తదని బాబాయ్‌కి అర్థమైపోయింది.

"నూట నలభై అంటే మొదటి గేర్లో మేడం," అన్నాడు.

"ఆ జ్వరం ఎవరికి వచ్చింది బావా, అతనికా నీకా?"

"రెండో గేరు వేశాను. మూడొందలు! గాలి ఎలా కొట్టిందంటే, నా కనుబొమలు జరుక్కుంటూ వెళ్ళి వెనక మెడ మీద ఆగాయి. బండి దిగాక దువ్వెనతో ముందుకి దువ్వుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాలుగో గేరు," అంది అక్క, పాలు కలుపుతూ.

"మూడోది అక్కా, వరస తప్పిస్తే ఎలా! మూడో గేరులో హారను కొట్టాను. దారిలో ఎవరూ లేరు, ఊరికే మర్యాదకి కొట్టాను. శబ్దం రాదే! హారను పాడైందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది మోగింది కానీ నన్ను అందుకోలేక వెనకాల పడిపోయింది. వాళ్ళందరూ సామాను సర్దుకుంటుంటే అప్పుడొచ్చిందట, పీఁ అని. నీడ సంగతైతే చెప్పక్కర్లేదు. పాపం, సగం దారిలో ఆగిపోయి ఆయాసపడుతోంది."

"నీడ ఆయాసపడటం వెనక్కి తిరిగి చూశావా?"

"అద్దంలో కనిపించిందిరా!"

"రికార్డు బండికి అద్దాలుండవు కదా బావా."

"నేను పెట్టించాను. నాకు తల దువ్వుకునే అలవాటు," అన్నాడు బాబాయ్ తడుముకోకుండా. బావమరిది చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

మేడం ఇప్పటికీ తలెత్తలేదు. ఆవిడ ఒక్కో గీత కొట్టినప్పుడల్లా బాబాయ్ గుండె జారుతోంది. గుండె జారినప్పుడల్లా బండి వేగం వందకి తక్కువ కాకుండా పెరుగుతోంది. తన నోరు తన చేతిలో లేదని ఆయనకీ తెలుస్తూనే ఉంది. కానీ నడుస్తున్న కోత మధ్యలో ఆపడం ఆయనకి అలవాటు లేదు.

"నాలుగో గేరు వేశాక మేడం, ఎనిమిదొందలు. మీటరు ముల్లు చివరిదాకా వెళ్ళి, ఇంక చోటు లేక, అద్దం పగలగొట్టుకుని బయటికొచ్చి నా చొక్కా గుండీకి గుచ్చుకుంది. టైము చూసేవాళ్ళ గడియారాలు బిత్తరపోయి వెనక్కి తిరిగాయి. అందులో ఒకాయన ఉదయం తిన్న ఇడ్లీ మళ్ళీ తినాల్సొచ్చిందట, ఇంకా తినలేదని గడియారం చెబుతోంది కాబట్టి."

"ఆయన బిల్లు రెండుసార్లు కట్టి ఉంటాడు, పాపం," అంది అక్క.

"బ్రేకు వేశాను. వేస్తే ఏముంది! మైదానం అయిపోయింది, బండి అయిపోలేదు. ఊళ్ళోకి దూరింది. ఒక ఇస్త్రీ కొట్టు. ఈ గుమ్మంలోంచి దూరి ఆ గుమ్మంలోంచి వచ్చేసరికి నా ఒంటి మీద ఎవరిదో కడక్ ఇస్త్రీ చొక్కా. తర్వాత మంగలి కొట్టు. ఒక వైపు గడ్డం గీసేశాడు. రెండో వైపు గీద్దామంటే అతనికి వీలు చిక్కలేదు, నేను అప్పటికే పక్క ఊళ్ళో ఉన్నాను. అలా మూడు ఊళ్ళు, రెండు వంతెనలు, ఒక రైలు. రైలు నాకు దారిచ్చింది మేడం, అబద్ధమైతే అడగండి."

"రైలునా?" అన్నాడు బావమరిది.

"ఆఖరికి సముద్రం అడ్డొచ్చింది కాబట్టి సరిపోయింది! టైరు ముందు అంచు తడిసీ తడవకుండా ఆగింది. అప్పటికి ఎంతో తెలుసా మేడం స్పీడు? వెయ్యిన్నర! అక్కడ బండిని లారీకి ఎక్కించి, నేను బస్సులో తిరిగొచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఇప్పటిదాకా ఆ రికార్డు ఎవడూ ముట్టుకోలేదు."

మేడం తలెత్తింది.

బాబాయ్ కళ్ళు మెరిశాయి. పడింది దెబ్బ, వెయ్యిన్నరకి పడింది అనుకున్నాడు. రేపు వ్యానులో కిటికీ పక్కన కూర్చోవాలా, ముందు కూర్చోవాలా అన్నంతవరకూ వెళ్ళిపోయాడు.

"తమ్ముడూ," అంది కొట్టు అక్క, టీ పైకెత్తి పోస్తూ, "మరి తిరుగు పరుగు?"

"ఏ పరుగు?"

"తిరుగు పరుగయ్యా. ఒక వైపు పోతే రికార్డు ఇవ్వరు. గాలి వెనక నుంచి తోస్తే ఎవడైనా పోతాడు. అందుకని గంటలోపు అదే దారిలో వెనక్కి రావాలి. రెండు పరుగుల వేగం కలిపి, అందులో సగం చేస్తే వచ్చిందే రికార్డు. నువ్వు వెళ్ళడం వెయ్యిన్నరతో వెళ్ళావు, రావడం బస్సులో మూడు రోజులకొచ్చావు. దానికి రికార్డు ఎవరిస్తారు? బస్సు టికెట్టు ఇస్తారు."

బావమరిది తాగుతున్న టీ ముక్కులోకి పోయి, దగ్గలేక నవ్వలేక బల్ల మీద పడి దొర్లాడు. బాబాయ్ అక్క వైపు తిరిగాడు.

"ఇదంతా నీకెలా తెలుసక్కా?"

"ఆరేళ్ళుగా ఈ షెడ్డు వాళ్ళు ఈ బల్ల మీద కొట్టుకు చస్తున్నది దాని గురించేగా! నువ్వూ ఇక్కడే కూర్చున్నావు. కాకపోతే నువ్వు మాట్లాడుతూ ఉన్నావు, నేను వింటూ ఉన్నాను."

"అంటే, ఆ రోజుల్లో అక్కా, రూలు..."

"ఆ రోజుల్లోనూ అంతే బాబాయ్ గారూ," అంది మేడం. ఆవిడ నవ్వలేదు, అదే ఆయనకి ఎక్కువ నొప్పి పెట్టింది. "పోయినసారి మేము వెళ్ళేటప్పుడు బ్రహ్మాండంగా వెళ్ళాం. అవతలి కొసన టైరు మార్చి, పెట్రోలు పోసి, బండి తిప్పి పంపాలి. మావాళ్ళేం చేశారు? ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని, ఫోటోలు దిగి, ఎంత స్పీడొచ్చిందో చెప్పుకుంటూ కూర్చున్నారు. బండి కదిలేసరికి గంట మీద నాలుగు నిమిషాలైంది. రికార్డు పోయింది. ఏడాది కష్టం, నాలుగు నిమిషాల కబుర్లు."

ఆవిడ పెన్నుతో జాబితా మీద గట్టిగా గీత కొట్టింది.

"అందుకే ఈసారి అవతలి కొసన మాట్లాడే మనిషి వద్దు నాకు. గడియారం పట్టుకుని, ఎంత టైముందో అరిచి చెప్పి, కబుర్లు పెట్టిన వాణ్ణి పెట్టినట్టే తరిమే మనిషి కావాలి." ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. "అక్కా, వస్తారా?"

"నేనా?" అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. మొహమంతా ఒక్కసారి చిన్నపిల్ల మొహంలా అయిపోయి, అంతలోనే మామూలైంది. "రెండు రోజులు కొట్టు ఎవరు చూస్తారమ్మా? ఈ వీధిలో పొద్దున్నే టీ పడకపోతే ఒక్కడూ షట్టరు ఎత్తడు. వద్దులే, ఇంకెవరినైనా చూడండి."

బాబాయ్ కింద చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది ఆయనకి. ఆరేళ్ళు ఈ బల్ల మీదే కూర్చుని, తను ఏం వినకుండా ఏం చెప్పాడో ఇప్పుడు తెలిసొచ్చింది. వ్యానులో సీటు ఎలాగూ పోయింది. కానీ అక్క మొహం ఒక్క క్షణం అలా వెలిగి ఆరిపోవడం ఆయన చూశాడు, అది తట్టుకోలేకపోయాడు.

"నువ్వెళ్ళక్కా. కొట్టు నేను చూసుకుంటాను," అన్నాడు లేచి నిలబడి.

"నువ్వా?"

"నేనే! నన్నేమనుకుంటున్నావ్? ఒకసారి ఏమైందో తెలుసా, ఒక్క గంటలో ఒంటిచేత్తో పదివేల టీ..."

బావమరిది దగ్గు ఆపేశాడు. మేడం పెన్ను ఆగింది. అక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని, పదివేలకి ఎంత పాలు పట్టిందో విందామన్నట్టు నిలబడింది.

బాబాయ్ నోరు మూసుకున్నాడు. వెళ్ళి పొయ్యి వెనకాల నిలబడ్డాడు.

"నాకు టీ పెట్టడం రాదక్కా," అన్నాడు. "నీళ్ళు ముందా, పాలు ముందా?"